పసుపంటిన పంచె పట్టుకుని సిపాయి తాత ఊరికి

నా బ్లాగు చదివేవాళ్ళకి నా సంగతి తెలుసు. ఏ గుడికి ఏ బస్సు ఎక్కాలి, ఎక్కడ పెసరట్టు బాగుంటుంది, ఎక్కడ బాత్రూమ్ జోలికి పోకూడదు, ఇవీ నేను రాసేవి. ఈసారి ప్రయాణం అలాంటిది కాదు. మా తాత ఎవరో తెలుసుకోవడానికి వెళ్ళాను. చదివి మనసు పాడుచేసుకునే ఓపిక లేనివాళ్ళు ఇక్కడే ఆగిపోవచ్చు, నేనేమీ అనుకోను. కానీ మీ ఇంట్లో కూడా ఇలాంటి ముడి ఒకటి ఉండి, దాన్ని విప్పాలని చూస్తుంటే మాత్రం చివరిదాకా చదవండి. దారి, ఖర్చులు అన్నీ రాస్తాను.

ముందు మా నాన్న గురించి చెప్పాలి. పేరు ప్రకాశరావు. డెబ్బై అయిదేళ్ళు. విజయవాడ భవానీపురంలో నా దగ్గరే ఉంటాడు. రెండు కిడ్నీలూ పాడై మూడేళ్ళుగా వారానికి రెండుసార్లు డయాలసిస్. రోజుకి ముప్పావు లీటరు నీళ్ళే తాగాలి. పొద్దున్నే సీసాలో కొలిచి పోసి పెడితే సాయంత్రం దాకా ఆ సీసాని చూసుకుంటూ కూర్చుంటాడు. కార్తీకమాసంలో ఒకరోజు ఆసుపత్రి నుంచి ఆటోలో తిరిగొస్తుంటే ఉన్నట్టుండి అన్నాడు: "అరుణా, మా నాన్న ఏం చేసి వచ్చి ఇక్కడ దాక్కున్నాడో నాకు తెలియాలమ్మా. తెలియకుండానే పోతానేమోనని భయంగా ఉంది." మా నాన్న నోట భయం అనే మాట నేను అప్పటిదాకా వినలేదు. కిడ్నీల సంగతి డాక్టరు చెప్పిన రోజు కూడా "సర్లెండి" అని లేచొచ్చేసిన మనిషి.

మా తాతని భవానీపురంలో అందరూ సిపాయి అనేవారు. యుద్ధం అయిపోయాక ఎక్కడి నుంచో వచ్చి, కృష్ణ ఒడ్డున ఒక కలప అడితీలో కాపలా పనికి చేరాడు. పేరడిగితే రాములు అన్నాడట. ఊరు చెప్పలేదు, ఇంటిపేరు చెప్పలేదు. అడితీలో పనిచేసే ఒకాయన తన కూతుర్ని, అంటే మా నాయనమ్మని, ఇచ్చి పెళ్ళి చేశాడు. నాన్నని బళ్ళో వేసినప్పుడు హెడ్మాస్టారు ఇంటిపేరు కావాలని పట్టుబట్టి, తాత నోరు విప్పకపోయేసరికి విసుగొచ్చి "సిపాయి" అనే రాసేశాడు. మా ఇంటిపేరు పుట్టింది అక్కడే. నాన్న బళ్ళో చదివినన్నాళ్ళూ పిల్లలు ఏడిపించారట: మీ నాన్న ఎవర్నో చంపి పారిపోయొచ్చాడురా, అందుకే పేరు లేదు అని. ఆ మాట నాన్న కడుపులో అరవై ఏళ్ళకు పైగా ఉండిపోయింది.

తాత గురించి మాకు తెలిసింది నాలుగు ముక్కలే. సింగపూర్ పడిపోయినప్పుడు జపాన్ వాళ్ళకి చిక్కాడు. ఓడ అడుగున కుక్కి ఎక్కడో దీవులకి తీసుకుపోయారు. కంచంలో మెతుకు వదిలేవాడు కాదు. చిలగడదుంప ఉడుకుతున్న వాసన వస్తే వీధిలోకి వెళ్ళిపోయేవాడు. అల్యూమినియం కంచం ఒకటి తెచ్చుకున్నాడు, దాని అడుగున మేకుతో గీసిన నంబరుంది. ఇంకొకటి, నాన్న ఎప్పుడూ తలచుకునేది: ఏటా భీష్మ ఏకాదశి మర్నాడు తాత ఏమీ తినకుండా మొదటి బస్సుకి ఎక్కడికో వెళ్ళి సాయంత్రానికి తిరిగొచ్చేవాడు. వచ్చేటప్పుడు చేతిలో ఒక కొత్త పంచె ఉండేది. నాన్న పెద్దపరీక్షలు రాసిన ఏడాది మాత్రం పంచె లేకుండా, గుండు చేయించుకుని వచ్చాడట. ఏమైందని అడిగితే "వేడి చేసింది" అన్నాడట. ఆ తర్వాత మళ్ళీ ఎప్పుడూ వెళ్ళలేదు.

నేను హైస్కూల్లో సాంఘిక శాస్త్రం చెబుతాను. రెండు ప్రపంచయుద్ధాలకి కారణాలు ఏటా బోర్డు మీద రాయిస్తాను. ఇంట్లో ఉన్న కంచం వెనకాల నంబరు మాత్రం ఏనాడూ పట్టించుకోలేదు. ఇప్పుడు కూర్చుని వెతికాను. ఆ దీవుల్లో బతికి బయటపడ్డ భారతీయ ఖైదీల జాబితాలు చూసే ఒక ఆస్ట్రేలియా పెద్దావిడ ఇంటర్నెట్లో దొరికింది. కంచం ఫోటో పంపాను. పదకొండు రోజులకి జవాబొచ్చింది. ఆ నంబరు మనిషి పేరు పూర్ణయ్య. తండ్రి పేరు, ఇంటిపేరు, ఊరు, దివి తాలూకా, కృష్ణా జిల్లా. ఊరెక్కడుందని మ్యాపులో చూస్తే కూచిపూడికి ఎనిమిది కిలోమీటర్లు. ఎక్కడో దేశం అవతల పుట్టాడేమో అనుకున్న మనిషిది మా ఇంటికి రెండున్నర గంటల దూరంలో ఉన్న ఊరా! నాకు ఒళ్ళు మండింది. నాన్న మాత్రం క్యాలెండర్ తీసి భీష్మ ఏకాదశి ఎప్పుడో చూసి, "మర్నాడు వెళ్ళు. ఆయన వెళ్ళిన రోజే వెళ్ళు" అన్నాడు. ట్రంకుపెట్టెలోంచి ఒక పాత పంచె తీసి ఇచ్చాడు. నీలం అంచు. నాలుగు మూలలా పసుపు, వెలిసిపోయి గోధుమరంగుకి తిరిగింది. కంచాన్ని అందులో చుట్టి సంచిలో పెట్టుకున్నాను.

భవానీపురం నుంచి బస్టాండుకి పొద్దున్నే అయిదున్నరకి ఆటో నూటిరవై రూపాయలు అడిగాడు, తొంభైకి వచ్చాడు. అవనిగడ్డ బస్సు ఎక్కేటప్పుడు పామర్రు మీదుగా వెళ్తుందో, కరకట్ట మీదుగా వెళ్తుందో కచ్చితంగా అడగండి. పామర్రు మీదుగా వెళ్ళేదే కూచిపూడిలో ఆగుతుంది. ఆడవాళ్ళు ఆధార్ చూపిస్తే టికెట్ లేదు, సీటూ లేదు. కంకిపాడు దాకా నిలబడ్డాను. అక్కడ కూరగాయల బుట్టలవాళ్ళు దిగాక కూర్చున్నాను. కంకిపాడు దాటాక పొగమంచు ఎంత దట్టంగా పట్టిందంటే డ్రైవరు లైట్లు వేసి, హారన్ మీద చెయ్యి తీయకుండా నడిపాడు. ఉయ్యూరు దగ్గర చెరకు ట్రాక్టర్లు అడ్డొచ్చి పావుగంట పోయింది. పామర్రు దాటాక కాస్త ఎండ పొడిచింది. కోతలైపోయిన చేలల్లో మినుము పచ్చగా లేచి ఉంది, గట్ల మీద గడ్డివాములు. మామూలుగా అయితే ఫోటోలు తీసి పెట్టేదాన్ని. ఒక్కటీ తీయలేదు.

కూచిపూడి సెంటర్లో ఎనిమిదింపావుకి దిగాను. ఇడ్లీ ప్లేటు నలభై, అల్లం పచ్చడి ఘాటుగా ఉంది. అక్కడి ఆటో స్టాండులో కరీముల్లా అనే ఆయన దొరికాడు. అరవై ఏళ్ళుంటాయి, నిదానస్తుడు. రానూపోనూ ఆరొందలు, మధ్యాహ్నం దాకా ఆగడంతో సహా. నేను గీచి బేరమాడబోతే "మేడం, డాన్సు స్కూలు చూడ్డానికొచ్చేవాళ్ళ దగ్గర ఇంకా ఎక్కువ తీసుకుంటా. మీరు ఆ పల్లెకెందుకు పోతున్నారో గానీ మొహం చూస్తే అడగబుద్ధి కావట్లా" అన్నాడు. కాలవగట్టు మీద వెళ్తుంటే నేనే చెప్పాను. అంతా విని, "మా తాతా పోయాడమ్మా రంగం, అదే బర్మా. మళ్ళీ రాలా. మా నాయనమ్మ చచ్చిందాకా తలుపు గొళ్ళెం పెట్టనిచ్చేది కాదు" అన్నాడు. 

ఊరి పేరు, వాళ్ళ ఇంటిపేరు ఇక్కడ రాయను. అక్కడ ఇంకా మనుషులు బతుకుతున్నారు. టీకొట్టు దగ్గర కరీముల్లా ఆగి ఆ ఇంటిపేరు గలవాళ్ళు ఎక్కడుంటారని అడిగితే, "చివరి స్లాబు ఇల్లు. ఇయ్యాళ పెద్దలకి పెట్టుకుంటన్నారు, మధ్యాహ్నం దాకా కదలరు" అని చెప్పారు.  ఈ రోజునే! నాన్న ఎంత సరిగ్గా పంపాడో అప్పుడర్థమైంది.

ఇంటాయన సాంబశివరావు, అరవై అయిదు దాటిన రైతు, తడిబట్టలతో వాకిట్లోకొచ్చాడు. నాకేం పుట్టిందో తెలియదు, అబద్ధం చెప్పాను. మా తాతా, మీ పూర్ణయ్య గారూ యుద్ధంలో కలిసి పట్టుబడ్డారండీ, ఆయన గురించి నాలుగు మాటలు తెలుసుకుందామని వచ్చాను అన్నాను. మనవరాలినని చెబితే పొలంలో వాటాకి వచ్చాననుకుంటాడని భయం. ఆయన మొహం విప్పారింది. "రండమ్మా, రండి. ఇయ్యాళ పెడతంది ఆయనకే. మా పెదనాన్న. పిల్లల్లేకుండానే యుద్ధంలో పోయాడంట. మా నాన్న పోతా పోతా, ఏది మానినా ఇది మానొద్దురా అన్నాడు. అందుకని పెడతన్నా" అన్నాడు.

లోపల హాల్లో పీట మీద దీపం, విస్తరిలో వంటలు. పీటకి ఒక పక్కన కొత్త పంచె, నీలం అంచుది, నాలుగు మూలలా పసుపు. ఇంకో పక్కన తెల్లచీర. చీర దగ్గర పసుపు లేదు, కుంకుమ లేదు. "ఆవిడ పెదనాన్న భార్యండీ, సుందరమ్మ. ముండమోసి పదిహేను రోజులకే పోయిందంట" అని సాంబశివరావు భార్య చెప్పింది. నేను గోడవారగా కూర్చున్నాను. మూలన మంచం మీద ఒక ముసలావిడ ఉంది. సాంబశివరావుకి మేనత్త, పూర్ణయ్యకి చెల్లెలు, నాగరత్నమ్మ. తొంభై దాటాయట. పక్క వీధిలోనే మేనరికం ఇచ్చారు కాబట్టి పుట్టిన ఊళ్ళోనే ముసలిదైంది. నేను కంచం చూపిద్దామని సంచిలోంచి మూట తీసి విప్పాను. ముసలావిడ కంచాన్ని చూడలేదు, మూటని చూసింది.

"ఆ గుడ్డ ఇట్టా తే అమ్మాయ్" అంది. ఇచ్చాను. మూలలు ఒక్కొక్కటీ వేళ్ళతో తడిమింది. "మాయమ్మ పూసిన పసుపు ఇది. ఎవరి మనవరాలివే నువ్వు?" అంది. నేను నీళ్ళు నమిలాను. "అబద్ధం ఎందుకే, ఆ ముక్కు మా ఇంటిది" అంది.

ఇంక దాచి లాభం లేదని చెప్పేశాను. మా తాతే పూర్ణయ్య, యుద్ధంలో పోలేదు, భవానీపురంలో బతికాడు, పెళ్ళి చేసుకున్నాడు, మా నాన్న ఉన్నాడు. సాంబశివరావు మొహంలో నెత్తురు చుక్క లేదు. "అంటే... ఇప్పుడు మీరు పొలం సంగతి..." అని నసిగాడు. "మీ పొలం మీరే దున్నుకోండి బాబూ! నాకు కావాల్సింది ఒక్కటే. ఆయన ఏం తప్పు చేశాడు? ఎందుకు పేరు దాచుకుని బతికాడు? మా నాన్న ఆ ఒక్కటీ తెలియక పోయేలా ఉన్నాడు" అన్నాను. గట్టిగానే అరిచినట్టున్నాను, బయట ఆటోలోంచి కరీముల్లా లేచి గుమ్మంలోకొచ్చాడు.

నాగరత్నమ్మ చెప్పింది. మధ్యలో ఆగుతూ, ఊపిరి తీసుకుంటూ చెప్పింది. నేను రాసుకోలేదు, రాసుకోనక్కర్లేదు కూడా.

"నాకు పద్నాలుగో ఏడు. నా పెళ్ళి కుదిరింది. అన్నయ్య కనపట్టంలేదని కాయితం వచ్చి రెండేళ్ళు దాటింది. మగపెళ్ళివాళ్ళు, ఇంట్లో మనిషి ఉన్నాడో పోయాడో తేలకుండా శుభకార్యం ఎట్టా చేస్తారు, ఉంటే రమ్మనండి, పోతే కర్మ చేసెయ్యండి అన్నారు. మా నాయన పంతుల్ని పిలిచాడు. దర్భలతో మనిషి బొమ్మ కట్టి కాలవగట్టున తగలేశారు. ఏకాదశి మర్నాడు. మా చిన్నన్న, ఈడి నాన్న, తలకొరివి పెట్టాడు. పదో రోజున మా వదిన్ని కూర్చోబెట్టారు. ఆయన ఉన్నాడు, నాకు తెలుసు, నా గాజులు ముట్టుకోమాకండి అని అరిచింది. పందొమ్మిదేళ్ళ పిల్ల. నలుగురు ఆడోళ్ళు పట్టుకున్నారు. కాళ్ళు కొట్టుకుంటందని నన్ను పట్టుకోమన్నారు. పట్టుకున్నా. ఈ చేతుల్తోనే పట్టుకున్నా. పదిహేను రోజులకి కాలవలో తేలింది."

 వంటింట్లో పొయ్యి మీద ఏదో మాడుతున్న వాసన వచ్చినా ఎవరూ లేవలేదు. ఆవిడే మళ్ళీ మొదలుపెట్టింది. "నా పెళ్ళయ్యాక ఓ రోజు మధ్యాహ్నం అమ్మ దగ్గరికొచ్చా. అందరూ నాట్లకి పోయారు. వాకిట్లో ఎవరో నిలబడి మంచినీళ్ళు అడిగాడు. ఎముకల గూడు, గడ్డం. అమ్మ చెంబు ఇచ్చింది. ఎత్తి పోసుకుంటంటే గుర్తుపట్టింది. చెంబు ఇచ్చేసి, సుందరమ్మ ఏదమ్మా అన్నాడు. అమ్మ ఏమందో తెలుసా? నువ్వు చచ్చిపోయావు నాయనా, నువ్వు పోయావనే ఆ పిల్ల పోయింది, ఇప్పుడు నువ్వు బతికొస్తే ఆ పిల్లని మేం చంపినట్టవుద్ది అంది. వదిన పుట్టిల్లు ఈ వీధి మొదట్లోనే. వాళ్ళకి తెలిస్తే ఇల్లు తగలబెట్టేవాళ్ళు. అన్నయ్య ఇంకో చెంబు నీళ్ళు అడిగాడు. తాగి ఎల్లిపోయాడు. అమ్మ వెనకాలే పరిగెత్తి, ఏకాదశి మర్నాడు బీదాబిక్కీకి అన్నం పెడతన్నాం, పంక్తి చివర కూర్చో నాయనా, ఏడాదికోసారి చూసుకుంటా అంది."

అప్పుడు నాకు తెలిసింది. మా తాత ఏటా పస్తుండి మొదటి బస్సెక్కి వచ్చింది తన తద్దినానికి. తనకి పెట్టిన కూడు తానే తిని, తనకి పెట్టిన పంచె తానే తీసుకుని, సాయంత్రానికి భవానీపురం వచ్చేవాడు. ఎవరూ గుర్తుపట్టలేదా అని అడిగాను. "చచ్చినోడి కోసం ఎవరు చూస్తారే? మా చిన్నన్న పట్టాడు. ఒకేడు వడ్డిస్తా చివరాకు దగ్గర ఆగిపోయాడు. నోరెత్తకుండా ఇంకో గరిటె పప్పేసి ఎల్లిపోయాడు" అంది. సాంబశివరావు పీట మీది పంచె వైపు చూశాడు. ఏది మానినా ఇది మానొద్దని తండ్రి ఎందుకన్నాడో ఆయనకీ అప్పుడే తెలిసింది. "అమ్మ కార్తీకంలో పోయింది. ఆయనకి చెప్పినోడు లేడు. ద్వాదశికి వచ్చి కూర్చున్నాడు. వడ్డించడానికి నేను పోయా. అమ్మేదన్నాడు. చెప్పా. ఆకు ముందు నుంచి లేచిపోయాడు. పంచె ఇవ్వబోతే తీసుకోలా." నాన్న చూసిన గుండు ఆ రోజుదే.

నేను కోపం ఆపుకోలేకపోయాను. "మీలో ఒక్కరికైనా ఆయన్ని ఉండమని నోరు రాలేదా? చెల్లెలివి, నువ్వైనా అనలేకపోయావా?" అని తొంభై దాటిన మనిషి మీద విరుచుకుపడ్డాను. ఆవిడ నన్నే చూస్తూ, "నా నోరెట్టా వచ్చుద్దమ్మా, కాళ్ళు పట్టుకున్నదాన్ని" అంది.  

పన్నెండున్నరకి ఆకులు వేశారు. ఊళ్ళో నలుగురు ముసలివాళ్ళు, కరీముల్లా, నేను. సాంబశివరావు భార్య నాకు పంక్తి మొదట్లో ఆకు వేసింది. నేను లేచి చివరికి వెళ్ళి కూర్చున్నాను. ముద్దపప్పు, గుమ్మడికాయ పులుసు, గారెలు, పరమాన్నం.  మెతుకు వదల్లేదు. నాగరత్నమ్మని ఇద్దరు పట్టుకుని తీసుకొచ్చారు. నా ఆకులో ఇంకో గారె వేసింది. వచ్చేటప్పుడు పీట మీది పంచె తీసి నా చేతిలో పెట్టి "మీ నాన్నకివ్వు" అంది. ఆటో దాకా వచ్చిన సాంబశివరావు, "వచ్చే ఏడు పెట్టాలా, మానాలాండీ? బతికున్నోడికి ఇన్నేళ్ళు పెట్టాం. మా అన్నయ్య గారు ఎట్టా చెబితే అట్టా చేస్తా" అన్నాడు. మా అన్నయ్య గారు అంటే మా నాన్న. డెబ్బై అయిదేళ్ళకి మా నాన్నకి ఒక తమ్ముడు దొరికాడు, దొరకడం కూడా ఇలా దొరికాడు. కూచిపూడిలో దింపాక కరీముల్లా మూడొందలే తీసుకున్నాడు. మిగతాది ఎంత చెప్పినా ముట్టుకోలేదు.

బస్సులో ఉన్నంతసేపూ నాన్నకి ఎంత చెప్పాలి, ఎంత దాచాలి అని లెక్కలేసుకున్నాను. సింగపూర్, దీవులు, ఊరు ఇవి చెప్పి, మిగతాది మింగేద్దామనుకున్నాను. అయిదున్నరకి ఇంటికెళ్ళి పంచె చేతిలో పెట్టగానే మూలలు తడిమి, "చెప్పు. దాచకు" అన్నాడు. అంతా చెప్పాను. నాన్న ఏడవలేదు. "నీళ్ళు అడిగాడా?" అన్నాడు. రెండు చెంబులు అన్నాను. సీసాలో ఇంకా ఒక గుటకంత నీళ్ళున్నాయి. తాగలేదు.

సీసా పక్కన పెట్టి అన్నాడు: "ఆయన ఏ తప్పూ చెయ్యలేదు." నాతో కాదు, తనలో తనే అన్నాడు. తర్వాత నా వైపు తిరిగాడు. "వాళ్ళకి ఫోన్ చెయ్యి. ఆయనకి ఇంక పెట్టొద్దని చెప్పు. ఆయన పోయిన తిథికి నేను పెడుతున్నాను, నేను పోతే నువ్వు చూసుకుంటావు. ఆవిడకి మాత్రం మానొద్దను. కానీ ఆ తెల్లచీర తీసెయ్యమను. మొగుడు బతికుండగా పోయిన మనిషి ఆవిడ. పునిస్త్రీ. ఎర్రచీర పెట్టమను, పసుపూ కుంకం పెట్టమను. గాజులు పెట్టమను అమ్మా, చేతి నిండా."

నేనా మాట ఆలోచించనే లేదు. ఆయన ఉన్నాడని తనకి తెలుసని సుందరమ్మ అరిచింది. ఆవిడ చెప్పిందే నిజం. ఆ ఇంట్లో ఇన్నేళ్ళూ ఆ ఒక్కటీ ఎవరికీ తట్టలేదు. తట్టకుండా చూసుకున్నారేమో కూడా. ఫోన్లో సాంబశివరావుకి చెప్పాను. మర్నాడు పొద్దున్న ఒక ఫోటో పంపాడు. కాలవ రేవు మెట్టు మీద ఎర్రచీర మడత, కుంకుమ భరిణె, పక్కన రెండు డజన్ల ఆకుపచ్చ గాజులు. వాటి మీద నాగరత్నమ్మ చెయ్యి. నాకు ఈ పసుపుకుంకాల మీద, పునిస్త్రీలూ ముండమోపులూ అనే మాటల మీద నమ్మకం లేదు, గౌరవం అసలు లేదు. అయినా ఆ ఫోటో చూసి స్టాఫ్ రూములో అందరి ముందూ ఏడ్చాను.

జపాన్ వాళ్ళ చేతిలో, దీవుల్లో, ఆకులు తిని మూడున్నరేళ్ళు బతికి వచ్చిన మనిషి మా తాత. అక్కడ ఆయన్ని చంపలేకపోయారు. ఇంటి గుమ్మంలో చనిపోమంటే సరేనని చనిపోయాడు. ఆ ముసలితల్లిని తిట్టుకుంటాను, మళ్ళీ ఏడాదంతా ఒక్క పూట కోసం ఎదురుచూసిన ఆవిడే గుర్తొస్తుంది. తిట్టకుండా ఉండలేను, తిట్టి ఊరుకోనూ లేను. పిల్లలకి యుద్ధం పాఠం ఈ ఏడాది ఎలా చెప్పాలో నాకు తెలియడం లేదు. మా నాన్న మాత్రం ఆ రాత్రి మూడేళ్ళలో మొదటిసారి నిద్రమాత్ర లేకుండా నిద్రపోయాడు.

ఇలా వెతకాలనుకునేవాళ్ళకి ఒక్క సలహా. కాగితాలు ఊరి దాకా తీసుకెళ్తాయి, ఇంట్లోకి తీసుకెళ్ళవు. మీ ఇంట్లో పెద్దవాళ్ళు ఎవరైనా ఏటా ఒకే తిథికి చెప్పకుండా ఎక్కడికైనా వెళ్తుంటే, వాళ్ళు పోయాక జాబితాలు తిరగేయడం కాదు, ఆ రోజు వాళ్ళతో పాటు బస్సెక్కండి. పడుకోబోయే ముందు నాన్న చెప్పాడు. పన్నెండేళ్ళప్పుడు ఒకసారి తాత వెనకాలే బస్టాండు దాకా వెళ్ళాడట. బస్సు మెట్టు మీద కాలు పెట్టి తాత వెనక్కి తిరిగి చూశాడట. కోప్పడలేదు, పొమ్మనలేదు. పక్కకి జరిగి చోటిచ్చాడట. నాన్న భయపడి ఇంటికి పరిగెత్తుకొచ్చేశాడు.